మొక్కులు తిన్న కొవ్వు

పెళ్లై భోపాల్‌పట్నం వచ్చినప్పుడు నేను బొద్దుగా ఉండేదాన్ని. చీర కడితే నడుము దగ్గర మడత పడేది. మా ఆయన దాన్ని చూసి ఆటపట్టిస్తే ఉడుక్కునేదాన్ని. ఆ మడత కోసమే ఒకనాడు ఏడ్చానంటే ఎవరూ నమ్మరు.

పిల్లలు పుట్టడం ఆలస్యమయ్యేసరికి మా అత్తమ్మ నాచేత ఉపవాసాలు పట్టించింది. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకు. అవి చాలవన్నట్టు, ఇంద్రావతి గోదావరిలో కలిసే చోట అమ్మవారిని చూడబోయి శుక్రవారం కూడా నేనే మొక్కుకున్నాను. కడుపు పండేదాకా నెయ్యి ముట్టనన్నది ఆ పైన. వర్తకుల ఇంటి కోడలిని కదా, దేవుడి దగ్గర బేరం గట్టిగానే ఆడాను. ఉపవాసం లేని రోజున కూడా అన్నం సగమే సయించేది. చిక్కిపోతుంటే బంధువులు మెచ్చుకున్నారు, నాకూ ముచ్చటగానే ఉండేది.

మాది కిరాణా దుకాణం. ఎండలు ముదరకముందే అడవి పల్లెల నుంచి ఆడవాళ్లు ఇప్పపువ్వు అమ్మడానికి వస్తారు. చాలామంది ఒంటికి గుడ్డతో చంటిపిల్లల్ని కట్టుకుని ఉంటారు. తూకం అయ్యేదాకా పిల్లను ఇటివ్వమని అడిగి తీసుకునేదాన్ని. ఆ పాలవాసన నా భుజం మీద ఉన్నంతసేపు చీర మార్చుకోబుద్ధి అయ్యేది కాదు. వాళ్లు వెళ్లిపోయాక దుకాణంలో ఇప్పపువ్వు వాసన ఒక్కటే మిగిలేది.

నెలనెలా బయట కూర్చున్నప్పుడల్లా ఏడ్చేదాన్ని. అట్లాంటిది ఒక నెల రాలేదు. అత్తమ్మ దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టింది. పరీక్ష చేసుకుంటే గీత ఒక్కటే పడింది. ఆ తర్వాతి నెలా రాలేదు, రెండో గీతా పడలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

మా ఆయన జగదల్‌పూర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్లాడు. ఏం తింటావని ఆమె హిందీలో అడిగితే నా ఉపవాసాలన్నీ గొప్పగా చెప్పాను. రక్తపరీక్షలూ అవీ చూశాక ఆమె నిదానంగా వివరించింది. ఒంట్లో కొవ్వు ఊరికే పడి ఉండేది కాదట. లెప్టిన్ అనే హార్మోను దాంట్లోంచే పుట్టి, నిల్వ ఎంత ఉందో మెదడుకు చెబుతుందట. ఆడవాళ్ల హార్మోను కూడా కొంత అక్కడే తయారవుతుందట. కొవ్వు మరీ ఎక్కువైనా ఈ లెక్క చెడుతుంది, మరీ తరిగినా చెడుతుంది. నిల్వ లేదని కబురందితే మెదడు అండం విడుదలను ఆపేస్తుంది, నెలసరి నిలిచిపోతుంది.

నాకు మా గోదాము గుర్తొచ్చింది. వానాకాలంలో వాగులు పొంగి దారులు తెగుతాయి. అప్పుడు ఎవరైనా పెళ్లి సరుకులు అడిగితే మా ఆయన ముందు గోదాము చూసి, ఆ తర్వాతే ఒప్పుకుంటాడు. నా ఒళ్లూ అదే పని చేసింది. బిడ్డ కోసం పస్తులుంటే మొదటికే మోసం వచ్చింది. బస్సులో దారి పొడుగునా ఏడ్చాను. కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియలేదు. దేవుడు నన్ను తినవద్దని ఎన్నడూ అనలేదు కదా.

ఇంటికొచ్చి అత్తమ్మకు అంతా చెప్పాను. మొక్కు మధ్యలో వదిలితే పుట్టబోయే బిడ్డకు ఏమవుతుందోనని భయంగా ఉందని కూడా చెప్పాను. ఆమె సోమవారం పొద్దున్నే తలస్నానం చేసి, కంచంలో వేడి అన్నం, పప్పు, పైన ఇంత నెయ్యి వేసి నా ముందు పెట్టింది.

"మొక్కు నీ ఒక్కదానిది గాదు, ఇంటిది. ఇగ ఉపాసాలు నేనుంట, నెయ్యి గూడ నేనే ఇడుస్త. నువ్వు తిను బిడ్డా," అంది.

మరి మీ ఆరోగ్యమో అన్నాను.

"ఈ వయసుల నాకు కొవ్వుతోని పనేంది?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రెండింటి మధ్యనే ముద్ద మింగాను.

చాలా నెలలు గడిచాయి. ఒక శుక్రవారం చింతపండు తూస్తుంటే నడుము లాగింది. నెలసరి వచ్చిందని తెలియగానే దుకాణం వదిలి ఇంట్లోకి పరుగెత్తాను. అత్తమ్మ మడి కట్టుకుని పూజలో ఉంది. గడప ఇవతలే నిలబడి సంగతి చెప్పాను. ఆమె లేచి వచ్చి, ఆ మడితోనే నన్ను కౌగిలించుకుంది. మళ్లీ తలస్నానం చేసి పూజ మొదటి నుంచీ చేసుకుంది.

బిడ్డ ఇంకా రాలేదు. ఇప్పపువ్వు రోజుల్లో ఇప్పటికీ పరాయి పిల్లల్ని అడిగి ఎత్తుకుంటాను. నా నడుము మీద మడత మళ్లీ పడింది, అత్తమ్మ గాజులు మాత్రం మోచేతి దాకా జారుతున్నాయి. నేను వద్దన్నా, డాక్టరమ్మ కబురు చేసినా వినదు. సోమవారం నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, ముద్ద మిగిల్చితే ఒప్పుకోదు.

బిడ్డ కావాలని ఇప్పుడు ఇంకా ఎక్కువగా అనిపిస్తుంది. బిడ్డ పుడితే అత్తమ్మ నెయ్యి వేసుకుని అన్నం తింటుంది.