రాహుకాలంలో తెల్లపావులు

చింతామణి చదరంగం పోటీలకు వాసుదేవమూర్తి ప్రతి ఏడూ అందరికంటే ముందే వస్తాడు. పంచె సర్దుకుని, ముక్కుపొడుం పీల్చి, గుర్రాల మొహాలు తన వైపు తిప్పుకుంటాడు. ఎదుటివాళ్ళు తుమ్మితే ఎత్తు వేయడు. ఈసారి చివరి ఆట గెలిస్తే చిక్కబళ్ళాపురం జట్టులో చోటు, ఇన్నేళ్ళూ అందనిది. తెల్లపావులు ఆయనవే, మొదటి ఎత్తూ ఆయనదే. ఆట గడియారం నొక్కారు. ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఆడు తాతా! నీ టైము పోతాండాది," అంది ఎదురుగా ఉన్న కాలేజీ పిల్ల రంజిత.

"రాహుకాలంలో బంటును గడప దాటించమంటావా? ముగిసేదాకా ఉండమ్మా."

రాహుకాలం ముగియకముందే ఆయన టైము ముగిసింది. ఓడిపోయారని చెప్పారు. ఆయన లేచి, కండువా దులిపి, రంజిత వైపు గర్వంగా చూశాడు.

"ఒక్క తప్పు ఎత్తన్నా వేసినానా, చెప్పు?"