నారాయణపేటకు తిరిగి తీసుకెళ్లిన ఎర్ర పోగులు

హైదరాబాద్‌లో కెమిస్ట్రీ పాఠాలు చెబుతాను. సెకనులో కోటి కోట్లవ వంతు సేపు మాత్రమే వెలిగే లేజర్‌తో, రంగుదారం లాంటి చిక్కు పదార్థాల్లో వెలుతురు ఏం చేస్తుందో చూడటం నా పరిశోధన. నిరుడు నారాయణపేట నేతకారుడు నర్సప్ప గారిని ఒక మూర దారం అడిగితే, చనిపోయిన భార్య అద్దిన ఎర్ర పట్టు పోగులు ఇచ్చారు. ఆ రంగు ఏ పాళ్లలో కలిపేదో ఆమె ఎవరికీ చెప్పలేదట. తెలిస్తే చెప్పమన్నారు. పెద్ద గొప్పగా సరేనన్నాను. దానికి జవాబు చెప్పడానికే ఈ ప్రయాణం.

ఉదయం ఆరింటికి బస్సెక్కితే ఎనిమిదిన్నరకు మహబూబ్‌నగర్. అక్కడ టీ తాగి, ఇంకో బస్సులో దేవరకద్ర, మరికల్ మీదుగా పదిన్నరకల్లా నారాయణపేట చేరాను. బస్టాండు నుంచి ఆటోకు నలభై రూపాయలు.

"నర్సప్ప ఇంటికా మేడం? మగ్గం బందు వెట్టిండు గద" అన్నాడు డ్రైవర్. "నిరుటి సంది గంతే."

నర్సప్ప గారు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టారు. వెనక మగ్గం ఖాళీగా, దుమ్ముపట్టి ఉంది. ఆయన ఇచ్చిన పోగుల పొట్లం తిరిగి చేతికిచ్చి ఉన్నమాట చెప్పేశాను. రంగు వెలుతురును ఎలా పట్టుకుంటుందో లేజర్ చూపించింది కానీ పాళ్లు తెలియలేదు. పైగా లేజర్ తగిలినచోట ఎరుపు వెలిసిపోయింది. పరీక్ష కోసం పోగులన్నీ గోరంత ముక్కలు చేశాను.

ఆయన ఒక ముక్కను వేళ్ల మధ్య నలుపుతూ, "ఇగ అతుకుతందుకు గూడ రావు" అన్నారు.

"దేనికి అతకడం?"

"చీర కోసినంక పాత పడుగు, గదే నిలువు పోగుల కొసలు మగ్గానికే ఉంచుతం మేడం. కొత్త పడుగు పోగు పోగు దానికే అతుకుతం. నా పెండ్లి సంది అది తెగలే. మీరు దారం గావాలంటిరి. ఆమె చేతి రంగు ఇంట్ల గదొక్కటే మిగిలుండె. కోసిచ్చిన."

"మళ్లీ కొత్తగా ఎక్కించుకోలేదా?"

"ఎక్కియ్యొచ్చు. రంగు తెలుస్తదని ఆగిన."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయనే ఓదార్చారు. "ఫికర్ జెయ్యకుండ్రి. మీకేం ఎరుక?" అంటూ ముక్కల్లో ఎర్రగా మిగిలినవి ఏరి, ఆమె ఫొటో కింద పెట్టారు.

మూడింటి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా బయట ఏం కనిపించిందో గుర్తులేదు. పోగు లోపల అంత చిన్న క్షణాన్ని చూడగలిగినదాన్నే, ఆ పోగు ఎక్కడి నుంచి తెగివచ్చిందో ఒక్కసారైనా అడగలేదు. అందుకు సిగ్గుపడుతున్నాను.

మీరు నారాయణపేట వెళ్తే పొద్దున్నే వెళ్లండి, మగ్గాలు ఆడుతుంటాయి. ఖాళీ మగ్గానికి వేలాడే దారాలు వృథా అనుకుని మాత్రం అడగకండి. అడిగితే ఇచ్చేస్తారు.