అత్త ఎత్తి చూసిన చక్రాలు

షెడ్డు కాలిన రోజు మా నాన్న తన చెల్లెలి మీద ఒక అబద్ధం చెప్పాడు. ఆమె స్టవ్వు ఆర్పకుండా వెళ్ళిపోయిందన్నాడు. తాతయ్య నమ్మాడు. పాత కార్ల చక్రాలు బాగుచేసే ఆ షెడ్డులో ఊహ తెలిసినప్పటి నుంచి పనిచేసిన మా అత్తను మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. చుట్టాలు ఆమెకు నిప్పత్త అని పేరు పెట్టారు. మా ఇంట్లో పెద్దరికం ఎప్పుడూ ముందుగా నోరు తెరిచినవాడిదే.

జరిగింది వేరు. ఒక పాత రేసు కారు చక్రాలు వచ్చాయి. నాలుగూ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి, నాలుగింటికీ ఒకే వెండి రంగు. నాన్న ఒకదాని వెనక రంగు గీకి వెనిగర్ చుక్క వేశాడు. మెగ్నీషియం అయితే సోడాలా పొంగుతుంది, అల్యూమినియం అయితే చలనం ఉండదు. చుక్క కదల్లేదు. దాంతో నాలుగూ అల్యూమినియమేనని తేల్చేశాడు. వాటిని లోపలికి మోసిన అత్త, "అన్నయ్యా, ఈ చేతిలోది తేలిగ్గా ఉంది" అంది. "పొద్దున గట్టిగా తిన్నట్టున్నావులే" అని నవ్వి నాన్న ఆ తేలికదానికే గ్రైండర్ పెట్టాడు. రాలిన పొట్టు అంటుకుంది. ఆయన కంగారులో బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు. మండుతున్న మెగ్నీషియం నీళ్ళకు ఆరదు, ఇంకా రెచ్చిపోతుంది. కప్పు దాకా లేచింది.

ఇదంతా అమ్మ చెప్పింది. ఆమె కిటికీలోంచి చూసిందట. చూసి ఊరుకుంది.

ఇంకొకరైతే ఆ లోహం పేరెత్తితే మండిపడేవారు. అత్త దాన్నే వెతుక్కుంటూ వెళ్ళింది. పాత ఇనుప సామాన్ల కొట్లన్నీ తిరిగి, విరిగిన చక్రాల ముక్కలు తెచ్చుకుని, ఏది ఎలా నల్లబడుతుందో, ఎక్కడ తెల్లటి పొడి పడుతుందో, పాతబడ్డాక లోహంలోని సన్నటి రంధ్రాల్లోంచి టైరు గాలి ఎలా పోతుందో ఒక్కతే చూసుకుంటూ నేర్చుకుంది. బస్టాండు వెనక ఒంటి గదిలో కాపురం. గదిలో సగం మామయ్య కుట్టు మిషన్, మిగతా సగం చక్రాలు. "మీ అత్త నన్ను కూడా ఎత్తి చూశాకే పెళ్ళికి ఒప్పుకుంది" అనేవాడు మామయ్య, నోట్లో దారం పెట్టుకుని. "బరువు బాగానే ఉంది, లోపలే ఏమీ లేదు" అనేది అత్త.

ఈ మధ్య మళ్ళీ అలాంటి పాత కారే, తిరిగి కట్టుకున్న మా షెడ్డుకు వచ్చింది. ఒక చక్రానికి పగులు. దాన్ని గ్రైండర్‌తో తెరిచి వెల్డింగ్ చెయ్యాలి. నాన్న అల్యూమినియమే అన్నాడు. ఆయన మాట నేను నమ్మి చాలా కాలమైంది. చేతికందిన చక్రం ఒకటి చెప్పకుండా తీసుకుని అత్త గదికి వెళ్ళి, పగులు సంగతి చెప్పి చక్రం ఆమె ముందు పెట్టాను.

ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తింది, పసిపిల్లను ఎత్తుకున్నట్టు. ఒకసారి ఊపింది. వెనక గోరంత మేర రంగు గీకి చుక్క వేసింది. చుక్క అలాగే నిలబడింది.

"అల్యూమినియం" అంది.

నాకు ఒక పక్క ఊరట, ఒక పక్క నాన్న గెలిచాడన్న ఉక్రోషం. లేవబోయాను.

"ఎక్కడికి అల్లుడూ? పగులు దీనికి లేదుగా. మిగతా మూడూ ఏవి?"

"షెడ్డులో ఉన్నాయత్తా. ఈపాటికి నాన్న మొదలుపెట్టే ఉంటాడు."

ఆమె చెప్పులు కూడా వేసుకోలేదు. మామయ్య బయటికి ఉరికి ఆటో ఆపాడు. దారంతా ఆమె ఆ చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మేం వెళ్ళేసరికి నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని గ్రైండర్ చేతిలోకి తీసుకున్నాడు. పనివాళ్ళు చుట్టూ ఉన్నారు. అత్త అన్నేళ్ళకు ఆ గడప దాటి, నేరుగా వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

"పొద్దున చూశానే! వెనిగర్ పొంగలేదు" అన్నాడు నాన్న.

"దేని మీద వేశావు?"

నాన్న గోడకు ఆనించి ఉన్న ఒక చక్రం చూపించాడు.

"అన్నయ్యా, ఇంకా ఒకదాని మీదేనా!"

పగులు చక్రాన్ని ఎత్తింది. ఎత్తగానే ఆమె ముఖం మారిపోయింది. చుక్క వేస్తే బుసబుసా పొంగింది. తర్వాత పళ్ళెంలో పొడి ఇసుక పోయించి, చక్రం అంచు నుంచి చిటికెడు పొట్టు ఆకురాయితో రాల్చి, ఇసుక మీద పోసింది. "సూటిగా చూడకండి" అని అగ్గిపుల్ల పెట్టింది.

నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. అయినా ఎదురుగోడ తెల్లబడింది. గోడకున్న ప్రతి మేకుకూ నీడ మొలిచింది. పట్టపగలు, తలుపులు తెరిచి ఉన్న షెడ్డులో, ఎండ మసకబారినట్టయింది. ఆ లోహం గురించి దొరికిందల్లా చదివాను నేను. ఏ పుస్తకమూ నన్ను ఇందుకు సిద్ధం చెయ్యలేదు. ఇంత వెలుగును బూడిద రంగు చక్రంలో చేత్తో పోల్చుకోగల మనిషిని మేం బయటికి గెంటామా అనిపించింది. ఒక పనివాడు చేతులు జోడించాడు, ఎవరికో అతనికే తెలియాలి.

వెలుగు ఆరాక కాసేపు ఎవరికీ ఏమీ కనబడలేదు.

"ఆ రోజు స్టవ్వు ఆర్పేసే ఉంది" అన్నాడు నాన్న. అత్తతో కాదు, ఇసుక పళ్ళెంతో.

అత్త విననట్టే ఉంది. "ఇది పెళుసైపోయింది. అతికినా రోడ్డు మీద విరుగుతుంది. గోడకు తగిలించుకోమని కారాయనకు చెప్పు" అని బయటికొచ్చింది.

ఆటో దాకా నేనూ వెళ్ళాను. "నాన్న ఒప్పుకున్నాడు కదత్తా" అన్నాను. ఆటో ఎక్కి కూర్చుని, ఆమె నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగింది.

"పళ్ళేనికి చెప్తే చాలదని మీ నాన్నతో చెప్పు. నన్ను నిప్పత్త అన్న ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పాలి. ముందు మీ తాతయ్య దగ్గర మొదలుపెట్టమను. ఆయనకు చెవులు వినపడవు, వీధంతా వినేలా అరవమను."