శ్రుతి తప్పిన స్తుతి

మా ఆవిడ అన్నగారు, అంటే మా బావగారు, శ్రుతిలో ఒక్క కీర్తనైనా పాడి ఎరుగరు. పాడకుండా ఒక్క ఆరాధననైనా విడిచి ఎరుగరు. వృత్తి కుళాయిలు బాగుచేయడం. లోకంలో కారే గొట్టాలన్నిటినీ కట్టడి చేయగల ఆ మహానుభావుడు తన గొంతును మాత్రం ఎన్నడూ బిగించలేదు.

కీబోర్డు వాయించే అమ్మాయి ఒక శ్రుతిలో మొదలుపెడుతుంది. బావగారు అంతకంటే ముందే, ఇంకెక్కడో మొదలుపెడతారు. రెండో చరణానికల్లా సంఘమంతా నిస్సహాయంగా ఆయన వైపు జారిపోతుంది. ఆ పిల్ల వేళ్లు తడుముకుంటూ ఆయన్ని వెతుక్కుంటాయి. దొరికేలోగా ఆయన మకాం మార్చేస్తారు.

నేను సంగీతం చదువుకున్నవాణ్ని. గాయక బృందానికి నాయకుణ్ని. వేణ్నీళ్లు పుక్కిలించి, గొంతు సవరించుకుని, ఒక్క స్వరం జారకుండా పాడతాను. ఆరాధన అయ్యాక నాకు దక్కేది "మైకు బాగుంది బ్రదర్" అనే మెప్పు. బావగారి చుట్టూ మాత్రం పెళ్లివారి సందడి. ముసలమ్మలు ఆయన చేతులు పట్టుకుని కళ్లు తుడుచుకుంటారు. ఆయన రాకపోతే గోడలు చిన్నబోతాయని పాస్టరు గారు నా ఎదుటే అన్నారు. గోడల సంగతి తెలియదు గానీ, నేను చిన్నబోయాను.

ఇంట్లోనైనా న్యాయం దొరుకుతుందేమోనని మా ఆవిడ దగ్గర మొరపెట్టుకున్నాను. ఆవిడ బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది.

"అన్నయ్య పాడితే దేవుడు వింటాడు. మీరు పాడితే మీరు వింటారు."

ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఇంతలో కొత్త మందిరం ప్రతిష్ఠ వచ్చింది. పొరుగు సంఘాలవాళ్లంతా వస్తారు. కానుకల వేళ నేనొక్కణ్నే పాడాలని పెద్దలు తీర్మానించారు. ఆ కీర్తన మూడో చరణం చివర ఒళ్లు జలదరించేంత ఎత్తైన స్వరం ఒకటుంది. బతుకులో ఒక్కసారైనా నలుగురూ నావైపు చూడాలంటే ఆ స్వరమే దారి. అడ్డల్లా బావగారే. ఆయన కొత్త మందిరంలో కుళాయి బిగిస్తుండగా వెళ్లి, ఆ ఒక్క పాటకీ నోరు విప్పొద్దని బతిమాలాను.

"నీ పాట నోరు మూసుకుని వినడం కంటే భాగ్యమేముంది బావా" అన్నారు, ముఖం వెలిగిపోతుండగా.

కనీసం నొచ్చుకునైనా ఉంటే నాకు కాస్త తృప్తిగా ఉండేది.

ప్రతిష్ఠ రోజున ఆయన మాట నిలబెట్టుకున్నారు. రెండు చరణాలు నడిచేంతసేపూ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, కూత పెట్టబోయే కుక్కరులా బిగుసుకు కూర్చున్నారు. మందిరంలో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. నేను మూడో చరణం అందుకున్నాను. మెట్టు మెట్టూ ఎక్కి, ఆ స్వరం దగ్గర నోరు తెరిచాను. గాలి వచ్చింది. స్వరం రాలేదు.

నా పరువు పోబోయే ఆ క్షణంలో వెనక బల్ల మీంచి బావగారు లేచారు. లేవడమేమిటి, విరుచుకుపడ్డారు. శ్రుతితో, లయతో ఏ చుట్టరికమూ లేని ఒక మహాఘోషతో నా చరణాన్ని లాక్కుపోయారు. మందిరమంతా ఘొల్లున నవ్వి, ఆయన వెంట పల్లవి ఎత్తుకుంది. నా నోరు తెరిచే ఉంది కాబట్టి, నేనూ పాడుతున్నాననే అందరూ అనుకున్నారు.

భోజనాల దగ్గర సంఘపెద్దలు ఆయన్ని నిలబెట్టి దులిపేశారు. బంగారంలాంటి పాటను పాడుచేశావు, కాసేపు ఓర్చుకోలేకపోయావా అన్నారు. నోరు ఆగలేదని ఆయన తలవంచుకున్నారు. నన్నేమో జనం వరసకట్టి ఓదార్చారు. ఆ పై స్వరం ఎంత గొప్పగా అందుకున్నానో ఒకరికొకరు చెప్పుకున్నారు. పుట్టని బిడ్డకు అన్ని దిష్టి చుక్కలు నేనెక్కడా చూడలేదు.

చేతులు కడుక్కునే చోట బావగారిని పట్టుకుని, మాట ఇచ్చి తప్పారేమని మెల్లగా అడిగాను.

"నిచ్చెన మీద మనిషి కాలు జారుతుంటే, కిందున్నవాడు ఇచ్చిన మాట తలుచుకుంటూ నిలబడతాడా బావా?" అన్నారు.

అంతలో ఎవరో అటు వచ్చారు. బావగారు గొంతు పెంచారు.

"ఆ స్వరం పూర్తిగా వచ్చుంటే కొత్త కప్పు లేచిపోయేదండీ. నేనే చెడగొట్టాను."

చెడగొట్టానన్నది నాకోసం; కప్పు లేచిపోయేదన్న మాట మాత్రం ఆయన నమ్మే అన్నారు. కళ్లలో తెలుస్తూనే ఉంది. ఇదివరకు ఆయనకు దక్కే మెప్పు చూసి కుళ్లుకునేవాణ్ని. ఇప్పుడు ఆయన మెచ్చుకునే తీరు చూసి కుళ్లుకుంటున్నాను.