ఉడకని పప్పు, మాడిన తీగ

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాటి తూర్పుకు వస్తే ద్రాక్ష పందిళ్లే కనిపించేవి. ఇప్పుడు అక్కడ మెట్రో దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నిలబడి ఈ మాట చెబితే మా మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. ఆ పందిళ్ల కింద పెరిగినదాన్ని నేను. మా తాతయ్య నల్లగొండ పల్లె నుంచి వచ్చి మన్సూరాబాద్ వైపు ఒక తోట కౌలుకు తీసుకున్నాడు. తోటలోనే రెండు గదుల పెంకుటిల్లు, వెనక ఒక కిరాయి గది ఉండేవి. వంటకీ తోటకీ మా బావి నీళ్లే వాడేవాళ్లం. తాగడానికి మాత్రం రోడ్డు మీది నల్లా నుంచి బిందెలతో మోసుకొచ్చేవాళ్లం.

అది అరవై తొమ్మిది. ప్రత్యేక తెలంగాణ కోసం పట్నమంతా రోడ్ల మీద ఉంది. నా బడి మూసేశారు. మా నాన్న సర్కారు ఆఫీసులో గుమాస్తా. సమ్మెలో ఉన్నాడు కాబట్టి పొద్దున్నే సైదాబాద్ వైపు ఊరేగింపుకు పోయి, గొంతు పోగొట్టుకుని సాయంత్రానికి వచ్చేవాడు. వెనక గదిలో రేపల్లె వైపు నుంచి వచ్చిన ఒక అన్న ఉండేవాడు. వ్యవసాయ కాలేజీలో చదువు. హాస్టల్ మూసేస్తే ఎవరో చెప్పగా మా ఇంటికి చేరాడు. బయట నోరు విప్పితే యాస పట్టేస్తారని ఎక్కువగా తోటలోనే తిరిగేవాడు. ఆంధ్రా పిలగాణ్ణి ఇంట్లో ఎట్లా పెట్టుకున్నారని గల్లీలో నలుగురూ మా నాన్నను అడిగేవాళ్లు. మా నాన్నకు తల కొట్టేసినట్టుండేది. ఆ అన్న కూడా పరుపు చుట్టి తాడు కట్టి, బస్సులు తిరిగితే చాలు పోదామన్నట్టు ఉండేవాడు.

ఆ వేసవిలోనే మా తీగలు మాడడం మొదలుపెట్టాయి. ముందు పల్లంలో ఉన్న వరుసలు, తర్వాత వాటి పై వరుసలు. తోట యజమాని వచ్చి చూసి, ఇట్లాగే పోతే కౌలు ఇంకొకరికి ఇస్తానని మొహం మీదే చెప్పి పోయాడు. తోట పోతే తాతయ్య, నాయనమ్మ, మా అమ్మ, నేను ఊరికి తిరిగి పోవాల్సిందే. గుమాస్తా జీతంతో పట్నంలో అందరం బతకలేం. మా ఊళ్లో ఐదో తరగతి తర్వాత బడి లేదు. నేను ఐదు అప్పుడే పూర్తి చేశాను. పెద్దవాళ్లు గుసగుసలాడుతుంటే విని, బావి వెనకకు పోయి కరువుదీరా ఏడ్చాను.

ఇంట్లో ఎవరి వాదన వాళ్లది. తీగలకు నీళ్లు చాలడం లేదని తాతయ్య పగలంతా మోటారు ఆడించి తడిపేవాడు. ఆకుకు బూజు తెగులు పట్టిందనీ, మైలుతుత్తం సున్నంలో కలిపి కొట్టాలనీ అన్న పుస్తకం తెరిచి చూపించేవాడు. పల్లంలో మట్టే మంచిది కాదని మా నాన్న తేల్చేశాడు. పైగా అన్న పుస్తకం తెరిచినప్పుడల్లా, "కాలువల పక్కన పుట్టినోనికి మన బాయి సంగతి ఏం తెలుస్తది?" అని వాకిట్లోంచే వినిపించేలా అనేవాడు. ఇక మా నాయనమ్మకు తీగల కన్నా పెద్ద బాధ పప్పు. ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా ఉడకడం లేదు. పాత కందిపప్పు అంటగట్టాడని కిరాణా కొట్టతన్ని రోజూ తిట్టిపోసేది. ఆ తిట్లు మాకు అలవాటైపోయాయి. వంటింటి గోడు తోట దాకా ఎవరు తీసుకుపోతారు?

ఒక సాయంత్రం మాట మాట పెరిగింది. మా నాన్న అన్నను ఖాళీ చేసి పొమ్మన్నాడు. తాతయ్య మా నాన్న మీదికి లేచాడు. అప్పుడు నాయనమ్మ ఖాళీ బిందె ఒకటి తెచ్చి అందరి మధ్యలో పెట్టి కూర్చుంది. మా ఊరి పంచాయితీల్లో ఒక పద్ధతి ఉండేదట. తగవు తెమలనప్పుడు పెద్దలు ముందు కళ్లతో చూసింది మాత్రమే చెప్పించేవాళ్లట. కారణాలు చెప్పబోతే నోరు మూయించేవాళ్లట. ఆమె దానికి తన షరతు ఒకటి కలిపింది.

"ఎవ్వలేం సూసిన్రో గదే చెప్పుండ్రి. ఎందుకైందో నాకొద్దు. 'అందుకే' అన్నోళ్లు గీ బిందె పట్టుకొని నల్లా కాడికి పోవాలె."

మొదట బిందె ఎత్తింది మా నాన్నే. నోరు తెరిచీ తెరవగానే "పల్లంల మట్టి సక్కగ లేదు, అందుకే..." అన్నాడు. జిందాబాద్ కొట్టిన మనిషి బిందె భుజాన పెట్టుకుని పోతుంటే నాకు ఏడుపులోనూ నవ్వొచ్చింది.

తాతయ్య చాలాసేపు తల గోక్కున్నాడు. కారణం లేకుండా మాట్లాడడం ఆయనకు కష్టంగా ఉంది. చివరికి నెమ్మదిగా అన్నాడు. "నేను ఏవైతే ఎక్కువ తడిపిన్నో గవే ముందు మాడినయి. మీద ఉన్న వరుసలకు నీళ్లు సరిగ ఎక్కవు. అవి పచ్చగున్నయి." ఆ మాట అన్నాక తనే దాన్ని మొదటిసారి విన్నట్టు ఆగిపోయాడు.

అన్న పుస్తకం మూసి పక్కన పెట్టాడు. ఆకు అంచులే మాడుతున్నాయనీ, ఆకు తిప్పి చూస్తే బూజు ఎక్కడా కనబడలేదనీ ఒప్పుకున్నాడు. నాయనమ్మ తన వంతుకు పప్పు సంగతి చెప్పింది. కొట్టతని పేరు ఎత్తబోయి, బిందె గుర్తొచ్చి మింగేసింది. సబ్బు కూడా నురగ రావడం లేదని కలిపింది. తర్వాత నావైపు చూసి, నువ్వేం చూశావే అంది. నాకేం తెలుసు? రోజంతా ఆడుకోవడమే కదా. అదే చెప్పాను. తోటకు నీళ్లు పారే కాలువ గట్టు మీద తెల్లటి పిండి పేరుకుంటోందనీ, దాంతో ముగ్గులు వేసుకుంటున్నాననీ.

తాతయ్య లేచి గట్టు దగ్గరికి పోయి ఆ పిండి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. అన్న కూడా వేసుకున్నాడు. అతని మొహం మారిపోయింది.

"మా ఊళ్లో సముద్రప్పోటు వరిమళ్ల మీదకొచ్చినప్పుడు ఆకులు ఇట్టాగే అంచుల్నుంచి మాడేవండీ. ఇది ఉప్పు," అన్నాడు. ఇన్నాళ్లూ పుస్తకంలో వెతికాడు కానీ, తన ఊరిని ఇక్కడికి తెచ్చుకోవాలని అతనికి తోచలేదు.

అప్పటికి మా నాన్న నిండు బిందెతో వచ్చి నిలబడి ఆ మాట విన్నాడు. ఆ వేసవి మొదట్లో బావిని లోతు చేయించి కొత్త ఊట రప్పించింది ఆయనే. ఆ ఊట ఆయన గొప్ప. బిందె దించి, అందరి ముందూ తను చూసింది చెప్పాడు. "కింద బండ పగిలినంక ఒచ్చిన నీళ్లే గివి. పైపు గా ఊటలనే దించినం." ఆ ఒక్క మాట అనడానికి ఆయనెంత పెంకితనం దిగమింగాడో నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఆ రోజు అందరిలోకీ మా నాన్న మీదే నాకు ప్రేమ పొంగింది.

మర్నాడు పైపును పాత ఊట దాకా పైకి లాగారు. వానలకు ముందు పల్లం చివర లోతుగా కాలువ తవ్వితే వాన నీళ్లతో ఉప్పు కొట్టుకుపోతుందని అన్న చెప్పాడు, వాళ్ల వైపు అట్లాగే చేస్తారట. నీళ్లు ఏ మూలకు జారతాయో తాతయ్యకు తెలుసు. నేల రాయిలా గట్టిగా ఉంది. అన్న చేతులు బొబ్బలెక్కితే మా నాన్న గడ్డపార లాక్కుని తవ్వాడు. ఊరేగింపు మానలేదు, వచ్చి తవ్వేవాడు. రాష్ట్రం విడిపోవాలా వద్దా అని ఆ ఇద్దరూ గుంటలో నిలబడి వాదించుకునేవాళ్లు. ఆ వాదన ఎప్పటికీ తెగలేదు. కానీ గల్లీవాళ్లు మళ్లీ అడిగినప్పుడు, "మా ఇంట్ల మనిషి" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు మా నాన్న.

వానలు పడ్డాయి. పల్లంలో రెండు వరుసలు పోయాయి. మిగతావి చిగురించాయి. యజమాని పచ్చదనం చూసి కౌలు మాకే ఉంచాడు. బడి తెరిచాక నేను ఆరో తరగతిలో చేరాను. తర్వాత కెమిస్ట్రీ చదివి, దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కాలేజీలో ఆ పాఠమే చెప్పి రిటైరయ్యాను. ఆ తెల్ల పిండిలో ఏముంటుందో, అది కలిసిన నీళ్లలో పప్పెందుకు ఉడకదో నాకిప్పుడు ఫార్ములాతో సహా తెలుసు. అయితే ఆ ఫార్ములా ఒక్కటే ఉంటే మా తోట బతికేది కాదని కూడా తెలుసు. అందుకే స్టాఫ్ రూములో ఏ సమస్య వచ్చినా ఫిజిక్స్ ఆయన్నీ, బాటనీ ఆమెనూ, ల్యాబ్ అటెండర్‌నీ కూర్చోబెట్టి, ముందు ఎవరేం చూశారో చెప్పమనేదాన్ని. విసుక్కునేవాళ్లు. మొండిదాన్నని పేరు పెట్టారు. ఆ పేరు నాకిష్టమే.

ఇప్పుడు కళ్లు సరిగా కనపడవు, వంట మా కోడలు చేస్తుంది. ఎప్పుడైనా కుక్కర్ దించి, పప్పు ఉడకలేదని ఆమె కొట్టతన్ని తిట్టబోతే, నేను మంచం మీది నుంచే మనవరాలిని పిలుస్తాను. ఈ వారంలో నువ్వేం చూశావే, చెప్పు, అంటాను.