నెలవంకకు అడ్డం నిలబడ్డాను

నెలవంక కనబడితే రేపే రంజాన్, లేకుంటే ఎల్లుండి. ఈ సాయంత్రం జహనుమా బస్తీలో అందరూ మేడలెక్కి ఆకాశం చూస్తుంటే, మా టైలర్ ఖాదర్ భాయ్ మాత్రం తలెత్తకుండా మిషన్ తొక్కుతున్నాడు. కుర్తా కోసం వెళ్ళినవాణ్ణి ఊరుకోవచ్చు కదా.

"ఇంగ్లీషుల పిచ్చోణ్ణి లూనాటిక్ అంటరు భాయ్. లూనా అంటే లాటిన్‌ల చంద్రుడు. చంద్రుని వల్లనే పిచ్చి లేస్తదని ఎనకటోళ్లు నమ్మేటోళ్లట."

"ఆ మాట పుట్టించినోడు పక్కా టైలరే అయ్యుంటడు. ఇంకా ఇరవై కుర్తాలకు చేతులు కుట్టాలె. చాంద్ ఇయ్యాల నీకు కనిపిస్తే లొల్లి చెయ్యకు అన్నా."

అప్పుడే ఎదురింటి నీళ్ళ ట్యాంకు పక్కన సన్నగా కనిపించింది. నేను లేచి, గుమ్మంలో నెలవంకకు అడ్డంగా నిలబడ్డాను. ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళు నన్నేమంటారో మీరే చెప్పండి.