‘కొలిసేవా?’ అని అడిగిన మనిషి

మంగళవారం ఉదయం ఆరున్నరకు భిలాయి సెక్టర్ 2లో మా ఎదురింటి బాబాయి చనిపోయారు. గుండెపోటు. స్టీల్ ప్లాంటులో మీటర్లు బాగుచేసే సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనతో గొడవపడని ఇల్లు మా వీధిలో లేదు. మాదీ అంతే. అయినా ఆ ఉదయం అందరూ ఆయన గేటు దగ్గరే ఉన్నారు.

మీలో కొందరి ఫోన్లలో ఆయన రాసిన కాలిక్యులేటర్ ఉంది. ఎల్‌ఈడీ బల్బులు మాడిపోకుండా సర్క్యూట్‌కి ఎంత రెసిస్టర్ పెట్టాలో చెబుతుంది. ఉచితం. ప్రకటనలు లేవు, రాసినవాడి పేరూ లేదు. బ్యాటరీ వోల్టేజి, బల్బుల సంఖ్య కొడితే జవాబు వస్తుంది. కానీ వోల్టేజి దగ్గర సరిగ్గా 12 అని కొడితే రాదు. తెర మీద ప్రశ్న వస్తుంది: “కొలిసేవా? డబ్బా మీద సదివేవా?” కొలిచాను అన్న బటన్ నొక్కితేనే ముందుకు కదులుతుంది.

ఆ ప్రశ్న మీద చాలామందికి కోపం. అందరికంటే ఎక్కువ మా తెలుగు సంఘం కార్యదర్శికి. కిందటి వినాయక చవితికి ఆయన పందిట్లో వినాయకుడి బొమ్మతో ఎల్‌ఈడీ బోర్డు కట్టించారు. కరెంటు పోయినా వెలగాలని బ్యాటరీని చార్జర్ మీదే ఉంచారు. భిలాయిలో అందరం దాన్ని బారా వోల్ట్, అంటే పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటాం. చార్జర్ మీద అది పద్నాలుగు దాటుతుంది. కార్యదర్శి కొలవకుండానే 12 కొట్టి, కొలిచానని నొక్కారు. రెండో రోజు హారతి వేళకి వినాయకుడి తొండం మొత్తం ఆరిపోయింది.

బాబాయి పందిరి ముందు కుర్చీ వేసుకు కూర్చున్నారు.

“ఏటి సెక్రటరీ, దేవుడు తొండం మడిసీసేడా?”

“మీ సాఫ్ట్‌వేరే తప్పు సెప్పింది మావయ్యా. బేకార్ చీజ్.”

“దానికి నువ్వు అబద్దం సెప్పేవు. అది నీకు నిజమెందుకు సెప్తాది?”

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

నాతోనూ ఆయన మెత్తగా మాట్లాడింది లేదు. నా వార్త వచ్చిన రోజున పేపరు చంకలో పెట్టుకుని మా గేటు కొట్టేవారు. పక్కనున్న జాముల్‌లో ఒక కాలనీకి నీళ్లు వస్తున్నాయని నేను రాసిన రోజు కూడా వచ్చారు.

“కుళాయి తిప్పేవా?”

“తిప్పేను బాబాయ్. వచ్చేయి.”

“ఏ ఏళప్పుడు? పొద్దుటేళా, మాపటేళా? మాపటేళ తిప్పి అప్పుడు మాటాడు.”

సాయంత్రం వెళ్లి తిప్పాను. చుక్క రాలేదు. మర్నాటి వార్త అదే. బాగుందని ఆయన అనలేదు. ఇన్నేళ్లలో నాకు ఉద్యోగం నేర్పినవాళ్లెవరని అడిగితే ముందు ఆ గేటు చప్పుడే చెబుతాను.

గురువారం కార్యదర్శి బాబాయి ఇంటికి, పిన్నిని పరామర్శించడానికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. కాలిక్యులేటర్‌ను సంఘం పేరుతో, బాబాయి ఫొటోతో పెడతామన్నారు. ఆ ప్రశ్న తీసేసి, 12 అని ముందే నింపి ఉంచుతారట. అందుకు ఆ ప్రోగ్రాం ఉన్న బాబాయి లాప్‌టాప్ కావాలి.

“పిల్లలు వాడతారత్తా. ఇన్సల్ట్ చేసినట్టుంది. ఆ మాటలేటి?”

పిన్ని తలెత్తింది. “కూరలో ఉప్పు సరిపోయిందండీ అంటే, రుచి సూసేవా అనీవోరు. పెళ్లైన కాడ్నించీ అదే మాట. నన్నూ తీసెత్తారేటి?”

కార్యదర్శి నా వైపు చూశారు. “భయ్యా, నువ్వైనా సెప్పు.”

ప్రశ్నను చంపి ఫొటోకి దండ వేయడాన్ని నేను గౌరవం అనను. ఆ మాట ఇక్కడ రాస్తున్నాను, ఆయన కూడా చదువుతారు కాబట్టి.

కార్యదర్శి మరో విషయం చెప్పారు. సంఘం హాలు ముందు బాబాయి రూపంతో ఎల్‌ఈడీ బోర్డు కడుతున్నారు. ఆదివారం వెలిగించి, పన్నెండో రోజు దాకా రాత్రీ పగలూ ఉంచుతారు.

“బ్యాటరీ అదేనా?” అంది పిన్ని.

“అదే. బారా వోల్ట్.”

“కొలిసేరా?”

కార్యదర్శి లేవబోయారు. పిన్ని ఆపింది.

“పన్నెండో రోజుకి ఒక్క బల్బు ఆరకుండా ఉంటే లాప్‌టాప్ పట్టుకుపో. ఆరితే మళ్లీ ఆ మాటెత్తకు.”

“సరే అత్తా,” అని కార్యదర్శి చెప్పులు వేసుకున్నారు.

బోర్డుకి ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు స్విచ్ వేస్తారు. మైల తీరలేదు కాబట్టి పిన్ని అప్పటికి గడప దాటకూడదు. బ్యాటరీ వోల్టేజి కొలిచే బాబాయి మీటరు నాకిచ్చింది. ఎర్ర వైరు పట్టుకునేచోట ఆయన వేళ్లకు అరిగి నున్నగా ఉంది. కొత్త సెల్లు వేయించాను. ఐదున్నరకు హాలు దగ్గర ఉంటాను.